రాత్రి 2:11 నుంచి 2:33 దాకా: ఒక ఇంటి అగ్నిప్రమాదంపై కేస్ స్టడీ

ఇళ్లు కాలిన తర్వాత వెళ్లి, మంట ఎక్కడ పుట్టింది, ఎటు పాకింది, లోపలివాళ్లు ఎలా బయటపడ్డారు అని చూసి రిపోర్టు రాయడం నా పని. కొన్నాళ్లకు చాలామంది మళ్లీ ఫోన్ చేస్తారు, "ఇల్లు బాగుచేయించుకుంటున్నాం, ఈసారి ఏం జాగ్రత్త పడాలో వచ్చి చెప్పండి" అని. ఈ కేసులో ఆ రెండు పనులూ నేనే చేశాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఎక్కడికి వెళ్లినా నన్ను మొదట అడిగేది, "అసలు ఎలా అంటుకుంది సార్?" అనే. ఇన్సూరెన్సు వాళ్లకీ, చుట్టాలకీ అదే కావాలి. నాకు అంతకంటే ఎక్కువ పట్టింపు ఇంకొకదాని మీద: అంటుకున్నాక మొదటి ఐదారు నిమిషాల్లో ఎవరు ఎక్కడున్నారు, ఏ తలుపు తెరిచి ఉంది, ఏది మూసి ఉంది. ఈ ఇంట్లో ఐదుగురూ బతికారు. ఎందుకు బతికారని ఒక్కొక్కటే విడదీసి చూస్తే, అందులో సగం వాళ్లు తెలిసి చేసినవి కావు. మళ్లీ అలాంటి రాత్రి వస్తే అలాగే జరుగుతుందన్న గ్యారంటీ లేదు. అందుకే ఈ కేసు రాయాలనిపించింది.

ఇల్లు, మనుషులు

రెండంతస్తుల ఇల్లు. కింద హాలు, వంటగది, ఇంటాయన తల్లి ఉండే గది. ఆవిడ గది తలుపు నేరుగా హాల్లోకే తెరుచుకుంటుంది. పైన మూడు గదులు. ముందువైపు భార్యాభర్తలది. దానికున్న బాల్కనీ సరిగ్గా పెద్దావిడ గది కిటికీ మీదకి వస్తుంది. దాని ఎదురుగా ఎనిమిదేళ్ల బాబు గది, వెనకవైపు పద్నాలుగేళ్ల పాప గది. మెట్లు హాల్లోంచే మొదలై పైకి వెళ్తాయి, మధ్యలో ఎక్కడా తలుపు లేదు. అంటే కింద పుట్టిన పొగ పైకి పోవడానికి అడ్డమంటూ ఏమీ లేదు.

పెద్దావిడకు మోకాళ్ల నొప్పులు. చెవులు కొంచెం మందం. రాత్రి నిద్రమాత్ర వేసుకుంటారు. హాల్లో టీవీ చప్పుడు పడదని గది తలుపు వేసుకునే పడుకుంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

బయటికి రెండు దారులు: హాల్లోంచి వీధి తలుపు, వంటగదిలోంచి పెరటి తలుపు. పెరటి తలుపుకి రాత్రిపూట తాళం వేస్తారు. తాళంచెవి ఉండేది హాల్లో, వీధి తలుపు పక్కన మేకుకి. కింది కిటికీలన్నిటికీ గోడలోకి బిగించేసిన గ్రిల్స్. స్మోక్ అలారాలు రెండున్నాయి, ఒకటి పైన మెట్ల దగ్గర సీలింగ్‌కి, ఇంకొకటి వంటగది గుమ్మం దగ్గర. వంటగది దగ్గరిదాంట్లో బ్యాటరీ లేదు. వేయించినప్పుడల్లా మోగుతోందని ఎప్పుడో తీసి సొరుగులో పడేశారు.

ఈ చివరి సంగతి చెప్పేటప్పుడు ఇంటావిడ తల దించుకున్నారు. అలా తీసేసేవాళ్లు కోకొల్లలు. అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ ప్రమాణాలు రాసే సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ లెక్కలు చూస్తే, ఇళ్లలో జరిగే అగ్నిప్రమాద మరణాల్లో సుమారు ఐదింట మూడు వంతులు అలారం లేని ఇళ్లలోనో, ఉన్నా పనిచేయని ఇళ్లలోనో జరుగుతున్నాయి. అలారాన్ని పొయ్యికి కనీసం మూడు మీటర్ల దూరంలో పెడితే ఈ వేయింపుల గోల చాలావరకు ఉండదు. ఇక్కడ తప్పు ఆవిడది కాదు, దాన్ని ఆ గుమ్మం మీద బిగించిన వాళ్లది.

ఆ ఇరవై రెండు నిమిషాలు

ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లు చెప్పే టైములు నమ్మడానికి వీల్లేదు. అబద్ధం చెబుతారని కాదు, టెన్షన్‌లో అరనిమిషం పది నిమిషాల్లా గడుస్తుంది, పది నిమిషాలు గుర్తే ఉండవు. అందుకని గడియారం ఉన్న వస్తువులను అడుగుతాను. ఇక్కడ మూడు దొరికాయి: ఇంటర్నెట్ రూటర్ కనెక్షన్ తెగిన టైము, ఫోన్ కాల్ లాగ్, ఎదురింటివాళ్ల సీసీ కెమెరా. ఆ కెమెరాకి మైకు కూడా ఉండటం మా అదృష్టం.

2:11కి రూటర్ ఆగిపోయింది. అది సోఫా వెనక ఎక్స్‌టెన్షన్ బోర్డుకే పెట్టి ఉంది. 2:13కి కెమెరా రికార్డింగులో సన్నగా అలారం కూత వినిపిస్తుంది. 2:14కి హాలు కిటికీ తెర మీద నారింజ వెలుగు. 2:15కి పైన లైటు వెలిగింది. 2:17కి ఇంటావిడ ఫైర్ సర్వీసుకి ఫోన్ చేశారు. 2:18కి హాలు కిటికీ అద్దాలు పగిలి మంట బయటికి వచ్చింది. 2:29కి ఫైరింజన్ వచ్చింది. బాల్కనీలోని నలుగురినీ నిచ్చెన మీద దింపారు. 2:33కి గ్రిల్ కోసి పెద్దావిడను బయటికి తెచ్చారు.

వెలుగు కనపడటానికీ హాలు మొత్తం భగ్గుమనడానికీ మధ్య నాలుగు నిమిషాలు. ఇదేమీ విడ్డూరం కాదు. అమెరికాలో భద్రతా పరీక్షలు చేసే సంస్థ యూఎల్ పరిశోధకుడు స్టీఫెన్ కెర్బర్ బృందం ఈ సంగతి ప్రయోగాలు చేసి చూసింది. ఫోము, సింథటిక్ బట్టలు నిండిన ఇప్పటి గదులు ఐదు నిమిషాల లోపే ఫ్లాష్‌ఓవర్‌కి చేరాయి. పాతకాలం కర్ర, నూలు సామాను ఉన్న గదుల్లో అన్నిటికంటే త్వరగా చేరినదానికి కూడా 29 నిమిషాలు దాటింది. ఫ్లాష్‌ఓవర్ అంటే సీలింగ్ కింద పేరుకున్న వేడి పొగ సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కి చేరి, ఆ వేడికి గదిలోని వస్తువులన్నీ ఒక్కసారిగా అంటుకోవడం. ఆ గదిలో ఆ తర్వాత ఎవరూ బతకరు, ఫైర్‌మన్ దుస్తులు వేసుకున్నవాళ్లతో సహా.

"మంట కనపడ్డాక చూసుకుందాంలే" అనుకోవడానికి ఇప్పటి ఇళ్లలో టైమే లేదు.

మంట పుట్టిన చోటు

సోఫా వెనక గోడ మీద V ఆకారంలో మసి, మంట మొదలైన చోటుని చూపించే దాని మొన నేలకి జానెడు ఎత్తులో. సరిగ్గా అక్కడే ఎక్స్‌టెన్షన్ బోర్డు మిగుల్చిన ముద్ద. ప్లాస్టిక్ అంతా కరిగిపోయింది కానీ లోపలి ఇత్తడి పలకలు మిగిలాయి. రూటర్ పెట్టిన సాకెట్ పలకలు సరిగానే ఉన్నాయి. రూమ్ హీటర్ పెట్టిన సాకెట్ పలక ఒక పక్క విచ్చుకుని, గుంటలు పడి ఉంది. హీటర్ ప్లగ్గు పిన్ను కూడా అదే పక్క తిన్నట్టుగా ఉంది. ఎందుకు విచ్చుకుందో సోఫా చెప్పింది: దాన్ని గోడకి నొక్కి పెట్టడంతో వెనక చెక్క నేరుగా ప్లగ్గు మీద ఆనింది. ఎవరు కూర్చున్నా ప్లగ్గు కాస్త వంగుతూ వచ్చింది.

ఇంటాయన పదేపదే అడిగింది ఒకటే, "ఎంసీబీ ఉంది, ఆర్‌సీసీబీ ఉంది, రెండూ ఎందుకు పడలేదు సార్?" మంచి ప్రశ్న. ఎంసీబీ చూసేది వైర్లో కరెంటు ఎక్కువైందా అని. ఆర్‌సీసీబీ చూసేది కరెంటు బయటికి లీకవుతోందా అని. లూజ్ కాంటాక్టులో ఈ రెండూ జరగవు. ఆ రాత్రి హీటర్ తక్కువలో, వెయ్యి వాట్ల మీద ఉంది. 230 వోల్టుల దగ్గర అది సుమారు 4.3 ఆంపియర్లు, అంటే మామూలు లోడే. కానీ కాంటాక్టు చెడి అక్కడ ఒక ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుంటే, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 18 వాట్ల పైనే, బఠాణీ గింజంత చోట. చిన్న సోల్డరింగ్ ఐరన్ కూడా ఇంచుమించు అంత పవర్‌తోనే సీసం కరిగిస్తుంది. అలాంటి దాన్ని గంటల తరబడి సోఫా ఫోముకి ఆనించి ఉంచినట్టయింది. ఎంసీబీ దృష్టిలో మాత్రం అంతా సవ్యంగానే ఉంది.

ముందే తెలిసే అవకాశం లేకపోలేదు. ఓ వారంగా హాల్లో ఏదో నీచువాసన వస్తోందని ఇంటావిడ అన్నారట, ఎక్కడైనా ఎలుక చచ్చిందేమోనని వెతికారట. ప్లాస్టిక్ సాకెట్లు వేడెక్కినప్పుడు వచ్చే వాసన చాలాసార్లు అలాగే ఉంటుంది. "ప్లగ్గు కాలుతోంది" అని బాబు కూడా ఓసారి చెప్పాడు. ముట్టుకోవద్దని వాణ్ని కసిరారు తప్ప ప్లగ్గుని ఎవరూ చూడలేదు. ప్లగ్గు పట్టుకుంటే వెచ్చగా తగలొచ్చు. చెయ్యి ఆనించలేనంత వేడి ఉందంటే మాత్రం ఆ సాకెట్‌ని ఆ క్షణం నుంచే వాడకూడదు.

మూడు తలుపులు

నేను ఎక్కువసేపు గడిపింది పెద్దావిడ గది తలుపు దగ్గర.

35 మిల్లీమీటర్ల మందం ఉన్న గట్టి చెక్క తలుపు. హాలు వైపంతా మొసలి చర్మంలా నెర్రెలిచ్చిన బొగ్గు. అటువైపు అల్యూమినియం హ్యాండిల్ కరిగి కిందికి జారి గట్టిపడింది. అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీలు కావాలి. బొగ్గు గీకి లోతు కొలిస్తే సుమారు 10 మిల్లీమీటర్లు. చెక్క నిమిషానికి 0.65 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతుందని ఇంజనీర్లు లెక్క కడతారు. అంటే 15 నిమిషాలకు పైగా ఆ తలుపు మంటను మోసింది. తలుపుకి ఇవతల పక్క పై అంచు దగ్గర రంగు గోధుమ రంగుకి తిరిగింది, అంతే. గోడకి తగిలించిన కాగితం క్యాలెండర్ అంచులు కూడా ముడుచుకోలేదు.

పైన ఇదే పాఠం ఇంకోలా కనపడింది. పాప తలుపు వేసుకుని పడుకుంది. ఆ గది తెరలు ఇప్పటికీ తెల్లగా ఉన్నాయి. బాబు గది తలుపు తెరిచి ఉంది, రాత్రి పిలిస్తే వినపడాలని. ఆ గదిలో మసి గీత మంచం ఎత్తు దాకా దిగింది. అలమరా పై అరలోని ప్లాస్టిక్ బొమ్మలు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కున్నాయి. రెండు గదులకీ మధ్య దూరం నాలుగైదు అడుగులు.

ఇదే సంగతిని యూఎల్ వాళ్లు కొలిచి చూశారు. ఒకే మంట, తలుపు తెరిచిన గదిలో 540 డిగ్రీలు దాటింది, మూసిన గదిలో 38 డిగ్రీల లోపే ఉంది. పడుకునే ముందు గది తలుపులు వేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఇంత లాభం ఇచ్చే జాగ్రత్త ఇంకొకటి నాకు కనపడలేదు.

ఒక్క షరతు ఉంది. తలుపు మూస్తే లోపలున్న మనిషికి బయట మోగే అలారం సరిగ్గా వినపడదు. అందుకే మూసిన తలుపూ, గదిలోపల అలారమూ జంటగా ఉండాలి. ఆ రాత్రి పెద్దావిడకు అలారం వినపడనే లేదు. ఆవిడను లేపింది బాల్కనీలోంచి కోడలు వేసిన కేకలు.

మనుషులు ఏం చేశారు

మెట్ల దగ్గరి అలారం మోగిందా లేదా అనే అనుమానం నాకు అక్కర్లేదు, కెమెరాలో కూత ఉంది. కెమెరా లేకపోయినా తెలిసేదే. అలారం మోగుతున్నప్పుడు ఆ శబ్దానికి మసి రేణువులు ఒకదానికొకటి తగిలి ముద్దకట్టి, కూత వచ్చే రంధ్రం చుట్టూ వలయంగా అంటుకుంటాయి. మోగని అలారం మీద మసి ఒకే తీరుగా పరుచుకుంటుంది. ఈ ఇంట్లో పైదాని మీద ఆ వలయం స్పష్టంగా ఉంది. బ్యాటరీ లేని కిందిదాని మీద లేదు. కిందిది మోగి ఉంటే, పొగ మెట్లెక్కక ముందే కబురు అందేది.

కూతకి ఇంటాయన లేచి గది తలుపు తీశారు. తల్లి కింద ఉందన్న ఒక్క ఆలోచనతో మెట్ల మీదకి పరుగెత్తారు. నాలుగు మెట్లు దిగేసరికి ముఖానికి సెగ కొట్టింది, కనుబొమలు కమిలాయి, స్టీలు రెయిలింగ్ పట్టుకున్న అరచెయ్యి బొబ్బలెక్కింది. వెనక్కి తిరిగారు. ఆ నాలుగు మెట్ల దగ్గర ఆగకపోయి ఉంటే నా రిపోర్టు వేరుగా ఉండేది. కన్నతల్లి కింద ఉంటే కొడుకు పరుగెత్తకుండా ఉండడు. "వెళ్లొద్దు" అని ఎంత చెప్పినా లాభం లేదు. ఆవిణ్ని చేరడానికి ఇంకో దారి ఉందని ముందే తెలిసి ఉంటేనే ఆ కాళ్లు అటు తిరుగుతాయి.

ఈలోగా ఇంటావిడ లైటు వేసి, పాప పేరు పెట్టి అరిచారు. బాబుని భర్త ఎత్తుకొస్తున్నాడని ఆవిడ అనుకున్నారు. బాబు ఆవిడ దగ్గరే ఉన్నాడని ఆయన అనుకున్నారు. గదిలో ఇద్దరూ ఎదురుపడి "వాడేడీ?" అని ఒకేసారి అడుక్కున్నారట. ఇంటాయన మళ్లీ పొగలోకి వెళ్లి వాణ్ని మంచం మీంచి ఎత్తుకొచ్చారు. అప్పటికీ వాడు నిద్రలోనే ఉన్నాడు, తలకి పది అడుగుల దూరంలో అలారం కుయ్యోమంటున్నా.

వాడి నిద్ర మరీ మొద్దుదేమీ కాదు. మామూలు అలారం కూత 3100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. అంత కీచు శబ్దానికి చిన్నపిల్లలు చాలామంది లేవరని, 520 హెర్ట్జ్ బొంగురు శబ్దం బాగా లేపుతుందని ఆస్ట్రేలియాలో డొరోతీ బ్రక్ చేసిన పరిశోధనలు చూపించాయి. చెవులు మందగించిన పెద్దలకీ ఈ బొంగురు శబ్దమే మేలు. అమెరికాలో 2006లో ఒక పిల్లల ఆసుపత్రి పరిశోధకులు 24 మంది పిల్లల మీద పరీక్షిస్తే, మామూలు కూతకి 14 మంది లేచారు, పేరు పెట్టి పిలిచే అమ్మ గొంతు రికార్డింగుకి 23 మంది లేచారు.

"పొగ వాసనకి మెలకువ రాదా?" అని ఇంటాయన అడిగారు. రాదు. 2004లో బ్రౌన్ యూనివర్సిటీలో మేరీ కార్స్కడన్, రేచల్ హెర్జ్ నిద్రపోతున్నవాళ్లకి పిరిడీన్ లాంటి ఘాటు వాసనలు చూపించి ఈ సంగతి తేల్చారు. గాఢనిద్రలో ముక్కు కాపలా కాయదు. చెవి ఎంతో కొంత కాస్తుంది.

ఇంట్లో పద్ధతి ప్రకారం నడుచుకున్నది పాప ఒక్కతే. స్కూల్లో చెప్పింది గుర్తుపెట్టుకుని, తలుపుని చేతి వెనకవైపుతో ముట్టుకుని చూసింది, కాలడం లేదు. తీసింది. పైనుంచి ఛాతీ ఎత్తు దాకా పొగ దిగి ఉంది. నేల మీద మోకాళ్లూ చేతులూ ఆనించి పాక్కుంటూ అమ్మానాన్నల గదికి వచ్చింది. వెనక తన గది తలుపు కూడా వేసి వచ్చింది. తెరలు తెల్లగా మిగిలింది అందుకే.

నలుగురూ ముందు గదిలో చేరాక తలుపు వేసి, కింది సందులో దుప్పటి కుక్కారు. బాల్కనీలోకి వచ్చాక ఇంటావిడ చేసిన పని ఈ కేసులో కీలకం. కిందికి వంగి, "అత్తయ్యా! తలుపు తీయొద్దు! హాల్లోకి రావొద్దు! కిటికీ దగ్గరికి రండి!" అని గొంతు చించుకుని అరిచారు. పెద్దావిడ లేచి అప్పటికే తలుపు గడియ మీద చెయ్యి వేశారట. తర్వాత నాతో అన్నారు, "అది అరవకపోతే తీసేదాన్నే నాయనా, పిల్లలు పైన ఉన్నారు కదా." కోడలు చెప్పినట్టే దుప్పటి తలుపు కింద కుక్కి, కిటికీ తెరిచి, కుర్చీ వేసుకుని గ్రిల్‌కి ముఖం ఆనించి కూర్చున్నారు. ఎదురింటాయన బయట నిలబడి చెయ్యి పట్టుకున్నాడు. గ్రిల్ అవతల మనిషి ఉన్నాడు, కానీ ఆవిణ్ని బయటికి తీయడానికి పావుగంట పట్టింది.

స్టోర్‌రూమ్‌లో ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ దొరికింది. డబ్బాల వెనక, సూది ఎర్ర గీతలో. అది బాగున్నా ఈ మంట మీద పనికొచ్చేది కాదు. ఇళ్లలో వాడే చిన్న సిలిండర్ పది సెకన్లలో, కాస్త అటూ ఇటూగా, ఖాళీ అయిపోతుంది. చెత్తబుట్టంత మంట, వీపు వెనక బయటికి దారి, మిగతావాళ్లు అప్పటికే బయట, ఈ మూడూ కుదిరినప్పుడే దాన్ని పట్టుకోవాలి. డబ్బు ఒకదానికే ఉందంటే ముందు అలారం కొనండి అంటాను. పొయ్యి మీద నూనె అంటుకుంటే మాత్రం స్టవ్ ఆపి మూత పెట్టడమే, నీళ్లు పోయకూడదు. కాగిన నూనెలో పడిన నీరు 1700 రెట్లు పెరిగి ఆవిరై, మండుతున్న నూనెని సీలింగ్ దాకా ఎగజిమ్ముతుంది.

98 చూపించిన ఆక్సీమీటర్

బయటికి వచ్చాక ఇంటాయనకి తలనొప్పి, వికారం. ఎవరో పల్స్ ఆక్సీమీటర్ తెచ్చి వేలికి పెడితే 98 చూపించింది. "బాగానే ఉంది, ఆసుపత్రి ఎందుకు" అని ఆయన కదలనన్నారు. అంబులెన్సులో వచ్చినావిడ గట్టిగా చెప్పి తీసుకెళ్లారు కాబట్టి సరిపోయింది. సోఫా ఫోము కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ రెండూ ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆక్సిజన్ పట్టిన రక్తానికీ, కార్బన్ మోనాక్సైడ్ పట్టినదానికీ తేడా మామూలు ఆక్సీమీటరుకి తెలియదు, విషం పట్టిన రక్తాన్ని కూడా మంచి రక్తంగానే చూపిస్తుంది. మామూలు గాలి పీలుస్తుంటే ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నర. పొగ పీల్చిన మనిషికి తలనొప్పి ఉందంటే మీటరు ఏం చెప్పినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ముఖానికి తడిగుడ్డ కట్టుకుంటే చాలనుకోవడం కూడా ఇలాంటిదే. అది మసిని కొంత ఆపుతుంది, ఈ వాయువుని ఆపదు.

చేతి బొబ్బల మీద ఇరవై నిమిషాలు కుళాయి నీళ్లు వదిలి ఉంటే గాయం ఇంకా తేలిగ్గా మానేది. ఎవరో ఐసు పెట్టారు. ఐసు పెడితే కాలిన చర్మం ఇంకా దెబ్బతింటుంది.

బాగుచేసేటప్పుడు మార్చినవి

ఇల్లు బాగుచేయించేటప్పుడు మేము ఒక్కో మనిషి మంచం దగ్గర నిలబడి, "ఇక్కడినుంచి బయటికి రెండు దారులు చూపించండి" అని ఆట మొదలుపెట్టాం. పెద్దావిడ గదికి ఒక్కటే ఉంది, అదీ హాల్లోంచి. కాబట్టి మొదట ఖర్చుపెట్టింది ఆ గది గ్రిల్ మీద. ఒక పలకని కబ్జాలతో తలుపులా చేయించి, లోపలినుంచి తాళంచెవి లేకుండా చేత్తో లాగితే వచ్చే గడియ పెట్టించారు. దొంగల భయం ఉందని ఇంటాయన కాస్త నసిగారు. బయటినుంచి చేతికి అందకుండా, కనపడకుండా గడియ బిగించొచ్చని వెల్డింగ్ మేస్త్రీయే దారి చూపించాడు.

పెరటి తలుపుకి కూడా లోపల చెవి అక్కర్లేని తాళం. ఆ రాత్రి ఎవరికీ ఆ తలుపు అవసరం పడలేదు. పడి ఉంటే, చెవి మండుతున్న హాల్లో ఉంది.

అలారాలు ఇప్పుడు ప్రతి పడకగదిలో ఒకటి, హాల్లో ఒకటి, పైన మెట్ల దగ్గర ఒకటి. అన్నీ ఒకదానితో ఒకటి లింకైనవి, ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. పెద్దావిడ గదిలోనూ బాబు గదిలోనూ 520 హెర్ట్జ్‌వి. హాల్లో పొగని వెలుగుతో గుర్తించే ఫోటోఎలక్ట్రిక్ రకం పెట్టించాను, సోఫా ఫోములా లోలోపల రగిలే మంటని అది ముందే పసిగడుతుంది. నెలకోసారి బటన్ నొక్కి చూడటం పాప పని. పదేళ్లకు మార్చేయాలి, బాగా మోగుతున్నా సరే, లోపలి సెన్సర్‌కి వయసైపోతుంది. ఆ తేదీ మార్కర్‌తో వాటి అంచు మీదే రాశాం.

హీటర్‌కి గోడలో విడిగా 16 ఆంపియర్ల సాకెట్ వేయించారు. హీటర్, ఇస్త్రీపెట్టె లాంటి వేడి చేసే వస్తువేదీ ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టకూడదన్నది ఆ ఇంట్లో ఇప్పుడు నియమం. రాత్రి అందరూ పడుకున్నాక హీటర్ ఆపేస్తారు.

ఎక్కువ వాదన జరిగింది బాబు గది తలుపు మీద. "రాత్రి భయపడి పిలిస్తే?" అని నాయనమ్మ, అమ్మ ఒకే మాట మీద ఉన్నారు. లింకు అలారం ఉందని చెప్పినా వినలేదు. బాబు గది గోడలకి మసి గీతలు, పాప గదిలో తెల్లటి తెరలు ఇంకా అలాగే ఉన్నాయి కాబట్టి ఇద్దర్నీ ఆ రెండు గదుల్లోకీ తీసుకెళ్లాను. ఆ తర్వాత నేను మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

చివరగా ఎవరి పని ఏమిటన్నది పంచుకున్నారు. బాబుని ఎత్తుకోవలసింది అమ్మ, ఇంకెవరూ కాదు. ఇంటాయన తల్లి కోసం మెట్ల మీంచి కాకుండా, బయటికి చేరాక కిటికీ వైపు నుంచి వెళ్లాలి. ఫోన్ పాపది. పెద్దావిడ తలుపు తీయరు, కిటికీ గడియ లాగుతారు. బయట కలిసే చోటు ఎదురింటి గేటు. ఒకసారి బయటికి వచ్చాక మళ్లీ లోపలికి ఎవరూ వెళ్లరు, ఫోన్ కోసం కూడా.

రిహార్సల్

మొదటిది సాయంత్రం పూట చేశాం. రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. అందులో నిమిషం పైగా బాబుని వెతకడానికే. అలారం మోగగానే వాడు వెళ్లి మంచం కింద దూరాడు. పిల్లలు నిజమైన మంటలోనూ ఇదే చేస్తారు, మంచం కిందో అలమరాలోనో దాక్కుంటారు. వాణ్ని కసరకుండా, అలారం మోగితే అమ్మ వచ్చేదాకా గుమ్మం దగ్గరే నేల మీద కూర్చోవాలని ఆటలా నేర్పించాం. పెద్దావిడ గడియ లాగలేకపోయారు, కొత్తది కావడంతో బిగుసుకుంది. నూనె వేయించాం. ఇలాంటివి కాగితం మీద ప్లాన్ రాస్తే బయటపడవు.

రాత్రి రిహార్సల్‌లో 520 హెర్ట్జ్ మోతకి పెద్దావిడ లేచారు. బాబు అటు తిరిగి పడుకున్నాడు. అమ్మ పేరు పెట్టి పిలిచాక లేచాడు. టైము నిమిషం యాభై సెకన్లు.

ఆరు నెలల తర్వాత చూడటానికి వెళ్లాను. అలారాలన్నీ పనిచేస్తున్నాయి, తలుపులు మూసుకునే పడుకుంటున్నారు. పెద్దావిడ గదిలో మందుల బల్ల మాత్రం గ్రిల్ గడియకి అడ్డంగా జరిగి ఉంది, పక్కకి జరిపించాను. కొత్తగా ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ వచ్చింది. దాన్ని మెట్ల కిందే పెట్టి రాత్రంతా ఛార్జింగ్ చేస్తున్నారు. లిథియం అయాన్ బ్యాటరీలో ఒక సెల్లు అదుపు తప్పి వేడెక్కితే పక్క సెల్లుని కూడా అంటిస్తుంది, గాలి అందకపోయినా సెల్లు లోపలి రసాయన చర్యే దాన్ని నడుపుతుంది. క్షణాల్లో మండే వాయువు వెలువడుతుంది. అది జరిగేది సరిగ్గా అందరూ దిగాల్సిన మెట్ల కింద. ఇంటి బయటి గోడకి, తలుపులకీ కిటికీలకీ దూరంగా, వానకి తడవని చోట ఛార్జింగ్ పాయింట్ వేయించమని రాసిచ్చాను. అది పడేదాకా పగలు, ఎవరో ఒకరు మెలకువగా ఉన్నప్పుడే ఛార్జింగ్ పెడతామన్నారు. వచ్చే నెల ఎలక్ట్రీషియన్ వస్తున్నాడట.